ఇంటిపేరు మీద సున్నం వెయ్యరు

గోరిజవోలు.
అయిదక్షరాలు. కొలత నా మణికట్టుకి తెలుసు.
గుంటూరులో శంకర్ విలాస్ బ్రిడ్జి దిగాక
కుడిచేతి పక్క గోడ,
'గో'కి మూరన్నర, చివర 'లు' తోక తిప్పడానికి జానెడు.
రాసీ రాసీ
నీలం రంగు నా గోళ్లని వదలడం మానేసింది.

మొదట పెద్దాయన, శ్రీ గోరిజవోలు రత్తయ్య.
మిర్చియార్డులో మీటింగు.
ఘాటుకి దగ్గొచ్చిందనుకున్నాం అందరం,
మైకు పట్టుకునే ఒరిగిపోయాడు.
మర్నాడు నిచ్చెనేసి
'శ్రీ' చెరిపి 'కీ.శే.' పెట్టాను.
ఒక్క అక్షరం జాగాలో రెండు ఇరికించడం
ఆ రోజే నేర్చుకున్నాను.

ఉపఎన్నికకి పెద్దబ్బాయి పూర్ణచంద్రం.
"ఇంటిపేరు అట్టాగే ఉంచు,
పేరు ఒక్కదాని మీదే సున్నం కొట్టు" అన్నాడు మేనేజరు అంకినీడు.
సగం పనే కదా అని డబ్బులూ సగమే ఇచ్చాడు.
రెండేళ్లు తిరక్కుండా కొమ్మమూరు కాలవలో జీపు,
చక్రాలు పైకి.
లైట్లు నీళ్లలో తెల్లారిందాకా వెలుగుతూనే ఉన్నాయంటారు.

ఆ తర్వాత చిన్నబ్బాయి మురహరి. గెలిచాడు కూడా.
ప్రమాణం చేసిన ఇరవయ్యో రోజున జ్వరం.
ప్లేట్‌లెట్లు అనే మాట
మా పేట పేటంతా ఆ వారమే నేర్చుకుంది.
మళ్లీ సున్నం. మళ్లీ సగం డబ్బులు.

ఊరన్నాక ఊరుకుంటుందా,
నైరుతిలో బోరు వేశారంది,
సమాధి తవ్వి పునాది తీశారంది.
కొరిటెపాడు టీ కొట్టు దగ్గర మాత్రం గొంతు తగ్గించి
"జిన్నింగు మిల్లు ఉసురు" అంటారు.
ఎనభై ఆరు వేసవి. రత్తయ్యగారి మిల్లు.
దూది దొంగిలిస్తారని బయట తాళం వేసిన తలుపు,
లోపల తొమ్మిదిమంది ఆడవాళ్లు, నిప్పు.
అందులో ఒకరు మా పిన్ని, సామ్రాజ్యం.

అందుకే నన్ను పిలిచి మరీ అడుగుతారు,
కబురేదో నాకు ముందే అందినట్టు,
"తగిలిందంటావా?"
మా పిన్నికి శపించడం చేతకాదయ్యా.
మజ్జిగ చాలకపోతే నీళ్లు పోసి అయినా
నలుగురికీ పంచేది.
పక్కింటి పిల్లాడికి ఎక్కిళ్లొస్తే
మా ఇంట్లో ఆవిడ లేచేది.
తాళం ఎందుకేశారని అడిగితే అడుగుద్ది గానీ
జ్వరమై వచ్చి
ఒకరి బిడ్డ మంచం మీద కూర్చోదు.
మీకేం, ఉసురనేస్తే సరిపోతుంది.
తాళంచెవి ఆ రోజు ఎవరి జేబులో ఉందో
ఎవరూ అడగక్కర్లేదు.

తొమ్మిది పేర్లు.
ఏ గోడ మీదా రాయమని ఆర్డరు రాలేదు నాకు.
నేనూ రాయలేదు.

మొన్న మళ్లీ కబురొచ్చింది.
ఫ్లెక్సీలొచ్చాక నిచ్చెన అమ్మేశాను,
కుడికంట్లో పొర. అయినా వెళ్లాను.
గోడ దగ్గర ఆ పిల్ల నిలబడి ఉంది, పూర్ణచంద్రం కూతురు,
హిమజ, ఇరవయ్యారేళ్లు ఉంటాయేమో, చెప్పుల నిండా సున్నం పొడి.
గోటితో గీకుతోంది.
బాబాయి కింద నాన్న, నాన్న కింద తాత.
"ఎన్ని పొరలుంటాయి?" అంది.
లెక్కపెట్టలేదన్నాను. అబద్ధం.
"మిల్లులో మీవాళ్లు ఒకరు..." అని ఆగింది.
నేను రంగు కలుపుతున్నాను.
ఆ మాట ఇద్దరి మధ్యా అట్టాగే ఉండిపోయింది.

రాయడం మొదలుపెట్టాను.
చెయ్యి దాని దారిన అది పోయింది.
వెనక్కి జరిగి చూస్తే
గోరిజవోలుకి ముందు 'చి.'
శుభలేఖల మీద పిల్లలకి పెడతారే, ఆ 'చి.'
ఓట్లడిగే మనిషికి ఎవరూ పెట్టరు దాన్ని.
అంకినీడు కొడుకు పగలబడి నవ్వాడు,
"తాతా, పెళ్లా ఎలక్షనా?"

గుడ్డ తీసుకుని తుడవబోయాను.
ఆ పిల్ల నా మోచెయ్యి పట్టుకుంది.

"ఆరనీ" అంది.